మూగ కంప్యూటరును పలికించు పాత ల్యాప్‌టాపు

నేడు మన యిండ్లలో అటక నెక్కిన వస్తువులలో పాత ల్యాప్‌టాపు ఒకటి. పదునైదు ఇరువది యేండ్ల క్రిందట ఎంతో సొమ్ము పోసి కొన్న యంత్రము అది. నేడు దానియందు క్రొత్త ప్రోగ్రాములు నడువవు; బ్యాటరీ గడియసేపైనను నిలువదు; ఇంటర్నెట్టులోనికి పోనిచ్చుట క్షేమము కాదు. పారవేయుటకు మనసొప్పదు, పనిలో పెట్టుదమన్న పని కానరాదు. ఇట్టి యంత్రమునకు తగిన పని యొకటి కలదు. అది వేరొక కంప్యూటరునకు సీరియల్ టెర్మినలుగా నిలుచుట, అనగా తెరయు కీబోర్డును లేని మూగ కంప్యూటరునకు నోరును చెవియు నగుట. ఆ పని యెందుకు కావలసివచ్చునో, ఏ సూత్రముమీద నడచునో, ఎట్లు సమకూర్చుకొనవలెనో నేటి ప్రసంగమున వివరింతును. వినువారు కంప్యూటరు శాస్త్రము చదివియుండ నక్కరలేదు. తంతివార్త యననేమో యెరిగినవారికి ఇందు సగము తెలిసినట్లే.

కంప్యూటరు అనగానే మన కన్నుల యెదుట తెరయు, దాని ముందు కీబోర్డును మెదలును. కాని లోకమున పనిచేయు కంప్యూటరులలో అనేకములకు ఆ రెండును లేవు. ఇంటింటికి ఇంటర్నెట్టును పంచు రౌటరు, ఆఫీసులో అందరి ఫైళ్లను దాచు సర్వరు, బీరువాలో నొక మూల గుట్టుగా పనిచేసికొను చిన్నపలక కంప్యూటరు, ఇవి యన్నియు మూగయంత్రములే. వాటిని కనిపెట్టి యుండువారు తమ బల్ల కడనుండి నెట్‌వర్కు ద్వారా వాటితో మాటలాడుదురు. నెట్‌వర్కు సరిగా నున్నంతకాలము ఈ యేర్పాటు చక్కగా సాగును. ఆ నెట్‌వర్కే చెడినచో? చెరువుకట్ట తెగినది, గండి పూడ్చువారు పోవలసినదియు ఆ తెగిన కట్టమీది బాటనే. అపుడు నెట్‌వర్కుతో నిమిత్తములేని వేరొక దారి యుండవలెను. ఆ దారియే సీరియల్ తీగ.

టెర్మినలు అనగా కొన. తీగ యొక్క కొనయందుండి, మనుష్యుడు కొట్టిన అక్షరములను కంప్యూటరునకు చేర్చుచు, కంప్యూటరు పంపిన అక్షరములను మనుష్యునకు చూపు పరికరమునకు ఆ పేరు వచ్చినది. లెక్కించుట, దాచుట, వెదకుట మున్నగు పనులన్నియు ఆవలి కంప్యూటరే చేయును. టెర్మినలు చేయునది వార్తాహరుని పని మాత్రమే. కావుననే ఇందులకు శక్తివంతమైన యంత్రము అక్కరలేదు.

ఈ పద్ధతికి మూలము తంతి. ఫ్రెంచి దేశపు తంతి ఇంజనీరు ఎమీల్ బోదో ప్రతి యక్షరమును అయిదేసి సంకేతములుగా పంపు విధానము కల్పించి 1874లో దానికి పేటెంటు పొందెను. తీగమీది వేగమును చెప్పు ‘బాడ్’ అను మానము ఆయన పేరిటనే యేర్పడినది. పిమ్మట టైపురైటరును తంతిని జతపరచి టెలిప్రింటరులు చేసిరి. మన దేశమందును వాటి తయారీకై 1960లో మద్రాసు నగరమున హిందూస్థాన్ టెలిప్రింటర్స్ అను సంస్థ వెలసినది. పత్రికా కార్యాలయములలో అవి రేయింబవళ్లు టకటక లాడుచుండుట పెద్దలకు జ్ఞప్తియందుండును. 2013 జూలైలో మన దేశమున తంతిసేవ ముగిసినది గాని, తంతి కనిపెట్టిన యుపాయము మాత్రము ముగియలేదు. అది కంప్యూటరుల గర్భమున నేటికిని జీవించి యున్నది.

కంప్యూటరుల తొలినాళ్లలో వాటితో మాటలాడుటకు టెలిప్రింటరులనే తగిలించిరి. అమెరికాలో టెలిటైపు సంస్థ 1963లో వెలువరించిన 33వ నమూనా యంత్రము ఇందులకు మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. అది సెకనునకు 10 అక్షరముల చొప్పున కాగితముమీద అచ్చువేయుచుండెడిది. తరువాత కాగితమునకు మారుగా గాజుతెర వచ్చినది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారు 1978లో తెచ్చిన వీటీ 100 అను టెర్మినలు తెరమీద ఒక్కొక్క పంక్తికి 80 అక్షరముల చొప్పున 24 పంక్తులు చూపెను. నేటి లైనక్సు కంప్యూటరులలో సీరియల్ ద్వారమునకు ‘టీటీవై’ అను అక్షరములతో పేరు మొదలగును. అది టెలిటైపు అను మాటకు కుదింపు. ఇంటిపేరు చూచి వంశము గుర్తించినట్లు, ఈ పేరు చూచి దీని పుట్టుక తెలిసికొనవచ్చును. నేటి పాత ల్యాప్‌టాపులో ఒక చిన్న ప్రోగ్రాము నడిపినచో అది వీటీ 100 వేషము దాల్చి, ఆ నాటి టెర్మినలు చేసిన పనినే చేయును.

ఇక సూత్రమునకు వత్తము. మన తార్కికులు శబ్దమునకు అర్థమునకు గల సంబంధమును ‘సమయము’ అనిరి. ఇచ్చట సమయమనగా కాలము కాదు, ఒడంబడిక. ఈ శబ్దమునకు ఇది యర్థమని మాటలాడువారు ముందుగా అంగీకరించిన కట్టుబాటన్నమాట. ఆ కట్టుబాటు తెలియనివానికి శబ్దము చెవిని బడును గాని యర్థము బుద్ధి కెక్కదు. సీరియల్ తీగ విద్య యంతయు ఈ యొక్క మాటలో ఇమిడియున్నది. తీగమీద పోవునది విద్యుత్తు యొక్క హెచ్చుతగ్గులే. వానికి అర్థము కల్పించునది ఇరువైపుల యంత్రములును ముందుగా చేసికొన్న సమయము.

ఆ సమయమున నాలుగంగములు కలవు: వేగమెంత, అక్షరమునకు బిట్టులెన్ని, తప్పు పట్టు బిట్టు కలదా లేదా, ముగింపు బిట్టులెన్ని. బిట్టు అనగా ఒకటియో సున్నయో అను ఒక్క సంకేతము. సీరియల్ అను మాటకు వరుస అని యర్థము. బిట్టులు గుంపుగా గాక, ఒకదాని వెనుక నొకటి, ఒకే తీగమీద వరుసగా పోవును గనుక ఆ పేరు వచ్చినది.

ఒక యుదాహరణము చెప్పెదను. ఆంగ్లములోని పెద్ద ‘ఎ’ అక్షరమునకు కంప్యూటరు సంకేతములలో సంఖ్య 65. దానిని ఎనిమిది బిట్టులుగా వ్రాసినచో 01000001 అగును. తీగ ఖాళీగా నున్నపుడు దానిమీద ఒకటి అను సంకేతము నిలిచి యుండును. అక్షరము పంపువాడు మొదట ఒక సున్నను పంపును. అది ‘వినుడు, మొదలుపెట్టుచున్నాను’ అను హెచ్చరిక. పిమ్మట అక్షరపు బిట్టులను చివరనుండి మొదటికి, అనగా 1, 0, 0, 0, 0, 0, 1, 0 అను క్రమమున పంపును. తుదకు ఒకటి పంపి ముగించును. ఇట్లు ఎనిమిది బిట్టుల యక్షరమునకు పది బిట్టులు తీగమీద పోవును. ఇరువైపుల గడియారములును కొంచెము తేడాగా నడచినను నష్టము లేదు. ఏలయనగా వినువాడు ప్రతి యక్షరపు మొదటి సున్న కడను తన లెక్కను క్రొత్తగా మొదలిడును. భజనలో ప్రతి యావృత్తమున తాళపు మొదటి దెబ్బకు అందరును కలిసికొనునట్లు దీనిని భావింపవచ్చును.

తప్పు పట్టు బిట్టును పారిటీ యందురు. అక్షరములోని ఒకట్ల సంఖ్య సరిసంఖ్యగా నుండవలెననియో, బేసిగా నుండవలెననియో నియమము పెట్టుకొని, అందుల కొక్క బిట్టు అదనముగా చేర్తురు. పద్యమున నొక యక్షరము జారినచో గణభంగమువలన తెలిసినట్లు, దారిలో నొక బిట్టు చెడినచో దీనివలన తెలియును. నేడు చిన్న తీగలమీద సాధారణముగా దీనిని విడిచిపెట్టుదురు. ఎనిమిది బిట్టులు, పారిటీ లేదు, ముగింపు బిట్టు ఒకటి అనునదే నేడు వ్యాప్తిలో నున్న యొడంబడిక. ఇక మిగిలినది వేగము. అనేక రౌటరులు 9600 బాడుతోను, చిన్నపలక కంప్యూటరులు 115200 బాడుతోను మాటలాడును. 9600 అనగా సెకనునకు అన్ని బిట్టులు. అక్షరమునకు పది చొప్పున 960 అక్షరములు. వీటీ 100 తెర నిండుటకు 1920 అక్షరములు కావలెను గనుక రెండు సెకనులలో తెర నిండును. చదువరి కన్నులకు ఈ వేగము చాలును.

తీగ విషయము చూతము. అమెరికాలోని ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమువారు 1960లో ఆర్‌ఎస్ 232 అను ప్రమాణమును ప్రకటించిరి. దాని ప్రకారము ఒకటి అను సంకేతమునకు 3 మొదలు 15 వోల్టుల వరకు ఋణవిద్యుత్తును, సున్నకు అంతే ధనవిద్యుత్తును వాడవలెను. 2005 ప్రాంతమునకు పూర్వపు ల్యాప్‌టాపులలో చాలవాటికి వెనుకవైపున తొమ్మిది సూదులు గల ద్వారము కనబడును, అదియే ఇది. ఆ తొమ్మిదింటిలో మనకు ముఖ్యమైనవి మూడే. రెండవది వినునది, మూడవది పలుకునది, అయిదవది ఇరువురకును ఉమ్మడి యాధారము. రెండు కంప్యూటరులను కలుపునపుడు ఒకదాని రెండవ సూదిని రెండవదాని మూడవ సూదికి, దీని మూడవదానిని దాని రెండవదానికి అడ్డముగా కలుపవలెను. అయిదవదానిని అయిదవదానితో తిన్నగా కలుపవలెను. ఒకరి నోరు మరియొకరి చెవికి చేరినగదా సంభాషణ! నోటికి నోరును, చెవికి చెవియు కలిపినచో ఇరువురును పలుకుదురు, ఎవరును వినరు. ఇట్లు అడ్డముగా కలిపిన తీగను అంగడిలో ‘నల్ మోడెమ్ కేబులు’ అని యడుగవలెను. సామాన్యపు సీరియల్ కేబులు చూపునకు అట్లే యుండును గాని ఈ పనికి రాదు.

ల్యాప్‌టాపునకు ఆ ద్వారము లేకున్నచో యూఎస్‌బీ ద్వారమునకు తగిలించు చిన్న మార్పిడి పరికరము దొరకును. ఇచ్చట నొక గట్టి హెచ్చరిక. 2012లో తొలిసారి విక్రయమునకు వచ్చిన రాస్ప్‌బెరీ పై వంటి చిన్నపలక కంప్యూటరుల మీద సీరియల్ సూదులుండును గాని, అవి 3.3 వోల్టులను మాత్రమే తాళగలవు. ల్యాప్‌టాపు వెనుక నున్న తొమ్మిది సూదుల ద్వారమును వానికి తిన్నగా కలిపినచో అధికవిద్యుత్తు తగిలి పలక పాడగును. అట్టివానికి 3.3 వోల్టుల కొరకే చేసిన యూఎస్‌బీ కేబులు వేరుగా కలదు, దానినే వాడవలెను. భాష యొకటే యైనను గొంతు బలము వేరు. పసివాని చెవిలో శంఖమూదరాదు.

ఈ తీగ యొక్క విలువ నాకు మా యూరి గ్రంథాలయమున తెలిసినది. అచ్చట చిన్న కంప్యూటరు ఒకటి బీరువాలో నుండెను. తెర తగిలించుటకు దానికి ద్వారమే లేదు. దానియందు ఊరిలోని పాత కుటుంబములవారు ఇచ్చిన తాటాకు ప్రతుల ఛాయాచిత్రములుండెను. ఆ తాటాకులలో కొన్ని ఛాయాచిత్రములు తీసిన పిదప పురుగుపట్టి పొడియై పోయినవి. వాటికి మిగిలిన రూపము ఆ చిత్రములే. మరియొక చోట నకలు లేదు. బయటనుండి వచ్చిన పనివాడొకడు దాని నెట్‌వర్కు సంఖ్యను మార్చి పోయెను. ఆ రాత్రి విద్యుత్తు పోయి వచ్చిన పిదప ఆ యంత్రము ఎవరి పిలుపునకును పలుకలేదు. దీపము వెలుగుచున్నది, పంకా తిరుగుచున్నది, సమాధానము మాత్రము లేదు. డిస్కును ఊడదీసి నగరమునకు పంపుదమని కొందరు, అంతయు చెరిపి మొదటినుండి స్థాపించుదమని కొందరు అనిరి. ఆ రెండవ యుపాయము నడచియున్నచో చిత్రములు నశించియుండెడివి.

హైదరాబాదులో సర్వరులను చూచుకొను నుద్యోగమున నున్న నా పూర్వవిద్యార్థిని యొకతె ఫోనులో సంగతి విని, “మాస్టారూ, దేనిని ఊడదీయనీయకండి. ఆ పెట్టె వెనుక తొమ్మిది సూదుల ద్వారమున్నదేమో చూడండి. మీ యింట పాత ల్యాప్‌టాపు ఉండవలెను గదా” అనినది. ఉన్నది. తీగ మాత్రము జిల్లాకేంద్రమునుండి తెప్పించితిమి. వేగమెంతో వ్రాసిన కాగితమేదియు లేదు గనుక ముందుగా 9600తో పరీక్షించితిమి. యంత్రమునకు విద్యుత్తు ఆపి మరల ఇచ్చినంతనే తెరమీద అర్థములేని గుర్తులు కుప్పలుగా పడినవి. గ్రంథాలయాధికారి ముఖము వెలవెలబోయెను. కాని ఫోనులో నా శిష్యురాలు నవ్వి, “పిచ్చిగుర్తులు వచ్చినవా? అయితే శుభవార్త, మాస్టారూ. యంత్రము బ్రదికి యున్నది, తీగ బాగున్నది. వేగమొక్కటే కుదరలేదు” అనినది. 115200కు మార్చి మరల విద్యుత్తు ఇచ్చితిమి. అపుడు ఒకదాని వెంట నొకటి చక్కని పంక్తులు వచ్చి, తుదకు మా పేరడుగుచు యంత్రము ఆగినది. పేరును రహస్యపదమును చెప్పి లోనికి పోయి చూచితిమి. నెట్‌వర్కు సంఖ్యలో ఒక్క యంకె వేరుగా నున్నది. దానిని దిద్దుటకు పట్టిన కాలము రెండు నిమిషములు. ఆనాడే ఛాయాచిత్రముల కన్నిటికిని రెండు నకళ్లు వేరు డిస్కులలో తీసిరి.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. ఆ యంత్రము మమ్ము లోనికి రానిచ్చుటకు కారణము, దానిని మొదట స్థాపించినవారు సీరియల్ ద్వారమును తెరచి యుంచుటయే. తెర లేని యంత్రము గనుక వారట్లు చేసిరి. సామాన్యపు కంప్యూటరులలో ఈ ద్వారము తనంతట తాను తెరచుకొనియుండదు. లైనక్సులో యంత్రము మేలుకొనునపుడు కెర్నలు అను మూల ప్రోగ్రామునకు ఇచ్చు సూచనలలో, మాటలను ఏ సీరియల్ ద్వారమునకు ఏ వేగముతో పంపవలెనో ఒక మాట చేర్పవలెను. నేటి లైనక్సు పద్ధతులలో పెక్కింట ఆ మాటను చూచి, పేరడుగు చిన్న ప్రోగ్రాము కూడ ఆ తీగ కడ తానే కాచుకొని కూర్చుండును. దీనిని యంత్రము ఆరోగ్యముగా నున్నపుడే చేసి, ఒకమారు పరీక్షించి యుంచవలెను. ఇల్లు అంటుకొన్నపుడు బావి త్రవ్వ మొదలిడిన లాభమేమి?

ల్యాప్‌టాపు వైపున చేయవలసినది కొంచెమే. విండోస్ 95 మొదలు ఎక్స్‌పీ వరకు గల యంత్రములలో హైపర్‌టెర్మినల్ అను ప్రోగ్రాము తనంతనే యుండెడిది; విస్టా నుండి దానిని తొలగించిరి. వానిలోనైనను ‘పుట్టీ’ అను ఉచిత ప్రోగ్రామును పెట్టుకొనవచ్చును. లైనక్సు నడుచు ల్యాప్‌టాపులో ‘మినికామ్’, ‘స్క్రీన్’ అను ప్రోగ్రాములు కలవు. వానిలో ద్వారము పేరును వేగమును చెప్పినచో చాలును. ద్వారము తెరచుటకు అనుమతి లేదని లైనక్సు పలికినచో, డెబియన్, ఉబుంటు పద్ధతులలో వాడుకరిని ‘డయలౌట్’ అను వర్గమున చేర్పవలెను.

సంభాషణ కుదరనపుడు దోషమెచ్చటనో గుర్తించుట వైద్యుడు లక్షణము చూచి రోగము పట్టుట వంటిది. పిచ్చిగుర్తులు కనబడినచో వేగము కుదరలేదని యెరుగవలెను. ఏమియు కనబడకున్నచో తీగ అడ్డముగా కలుపబడినదో లేదో, ద్వారము పేరు సరియైనదో కాదో చూడవలెను. ఆవలి మాటలు వచ్చుచు, మనము కొట్టినవి మాత్రము చేరకున్నచో, ప్రవాహనియంత్రణము అను నియమమును తీసివేయవలెను. మూడు తీగల కేబులులో ఆ నియమమునకు కావలసిన తీగలు లేవు గనుక, అనుమతి వచ్చునని ల్యాప్‌టాపు ఊరకయే కాచుకొనియుండును. కొట్టిన ప్రతి యక్షరము రెండేసి మారులు కనబడినచో, ల్యాప్‌టాపు తన ప్రతిధ్వనిని తానే చూపుచున్నదని తెలిసికొని దానిని ఆపవలెను. చక్కగా నడుచుచు హఠాత్తుగా తెర నిలిచిపోయినచో, చేయి తగిలి కంట్రోలు మీటతో ‘ఎస్’ అక్షరము పడియుండవచ్చును. అది ‘ఆగుము’ అను ఆజ్ఞ. కంట్రోలుతో ‘క్యూ’ కొట్టినచో మరల నడచును. ఇది తెలియక యంత్రము చచ్చినదని విద్యుత్తు తీసినవారు కలరు.

మన తెలుగు అక్షరములు ఈ తీగమీద పోవునా యను ప్రశ్న సహజము. 1963 నాటి ‘ఆస్కీ’ సంకేతమాలలో స్థానములు 128 మాత్రమే. అందు తెలుగునకు చోటు లేదు. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణమున తెలుగునకు ప్రత్యేకస్థానమేర్పడినది. నేడు వాడుకలో నున్న యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడేసి బైటులు, అనగా ఎనిమిదేసి బిట్టుల కట్టలు మూడు, కావలెను. ‘తెలుగు’ అను మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలసి ఆరు సంకేతములు. వానికి 18 బైటులు. 9600 బాడుమీద ఈ మాట సెకనులో ఇంచుమించు ఏబదవ వంతు కాలములో పోవును. అక్షరమునకు ఎనిమిది బిట్టులని ఒప్పందమున్నచో తీగకు తెలుగు ఆంగ్లమను భేదము లేదు. ఏడు బిట్టులని పెట్టినచో మాత్రము తెలుగు ఛిన్నమగును. అయితే తీగ మోసినంత మాత్రమున తెర చూపగలదని నమ్మరాదు. లైనక్సు యొక్క వట్టి యక్షరపు తెర 512 కంటె ఎక్కువ ఆకృతులను ఇముడ్చుకొనలేదు. గుణింతములను ఒత్తులను కూర్చు నేర్పును దానికి లేదు. కావున తెలుగు పేర్లు గల ఫైళ్లు వెర్రిగుర్తులుగా కనబడును. గ్రంథాలయమునను అట్లే కనబడినవి. వాటిని చూచి ఫైళ్లు చెడినవని తలచి, పేర్లు మార్చుటకో చెరుపుటకో పూనుకొనరాదు. చెడినది చూపు మాత్రమే, వస్తువు కాదు.

ఈ తీగకు హద్దులును కలవు. బొమ్మలు, కిటికీలు, మౌసుతో తిరుగుటలు ఇందు లేవు, అక్షరములే. పాత ప్రమాణము ప్రకారము తీగ పొడవు 15 మీటరులకు మించకుండుట మేలు. మరియొకటి మరువరానిది. ఈ తీగ పట్టినవాడు యంత్రము యొక్క ప్రాణస్థానము కడ నున్నవాడు. మేలుకొనుచున్న యంత్రమును తీగ కడ నున్నవాడు తెలివితో తన వశము చేసికొనవచ్చును. కావున ద్వారము తెరచి యుంచుటతోబాటు బీరువాకు తాళము వేయుట, గట్టి రహస్యపదము పెట్టుట అవశ్యకర్తవ్యములు. పాత ల్యాప్‌టాపు బ్యాటరీ ఉబ్బియున్నచో తీసివేయించి, చార్జరుమీదనే నడుపవలెను.

పాత ల్యాప్‌టాపునకు ఈ పనియందు గల యోగ్యత ఇపుడు స్పష్టమగును. విండోస్ ఎక్స్‌పీకి రక్షణసవరణలు 2014 ఏప్రిల్‌లో ఆగిపోయినవి. అట్టి యంత్రమును ఇంటర్నెట్టులోనికి విడుచుట తలుపులేని యింట ధనముంచుట. కాని సీరియల్ తీగకు ఇంటర్నెట్టు అక్కరలేదు. మూడు తీగలతో ఒకే యంత్రమునకు కట్టుబడి, మరి దేనితోను సంబంధము లేకుండ నుండు పాత యంత్రమునకు బయటి దొంగల భయమంతగా లేదు. వేగములేమి దోషము కాదు, స్మృతిలేమి దోషము కాదు. క్రొత్తవానిలో తీసివేసిన తొమ్మిది సూదుల ద్వారము దానికి సహజాభరణము.

కావున ఇంట నట్టి ల్యాప్‌టాపు ఉన్నవారు, తమ పాఠశాలకో గ్రంథాలయమునకో సహకార సంఘమునకో సంబంధించిన మూగ కంప్యూటరు ఉన్నచో, ఒక సెలవుదినమున రెంటిని కలిపి చూడుడు. సంభాషణ కుదిరిన పిదప ద్వారము పేరు, వేగము, బిట్టుల లెక్క ఒక కాగితముమీద వ్రాసి ల్యాప్‌టాపు మూతకు అంటించుడు. తీగను చుట్టి, దానికొక చీటి కట్టి, యంత్రముతోబాటు బీరువాలోనే పెట్టుడు. ఏడాది కొకమారు తీసి పరీక్షించుడు. ఆ కాగితము మీది నాలుగు మాటలే రెండు యంత్రముల నడుమ గల సమయము. అది వ్రాసిపెట్టి యున్నచో, ఆపత్కాలమున ఎవ్వరు వచ్చినను ఆ మూగయంత్రమును పలికింపగలరు.